మానిఫోల్డుకు వేడి తగిలించే ముందు

అనంతపురం మే ఎండలో నడిచొచ్చిన బండి బానెట్ కింద అప్పుడే చెయ్యి పెట్టొద్దు. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ మైనస్ వైరు తీసి, పగిలిన ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డును (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టాల భాగం) పూర్తిగా విప్పండి. బండి మీదనే అతికించేద్దామనే బేరం వద్దు. ఇంజిన్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి, ఎన్ని కుక్కారో రాసి పెట్టుకోండి.

• మానిఫోల్డు వెనక అచ్చు అక్షరాలు చదవండి. పీఏ6-జీఎఫ్30 అంటే నైలాన్ 6, అందులో 30 శాతం గాజుపీచు. పగులు అతికించడానికి కరిగించే కడ్డీ కూడా నైలాన్‌దే కావాలి. బంపర్లకు వాడే పీపీ (పాలీప్రొపైలిన్) కడ్డీ పైపైన కరిగి కూర్చుంటుంది, చల్లారాక గోటితో గీకితే పెచ్చులా లేచొస్తుంది. నైలాన్ 6 సుమారు 220 డిగ్రీలకు కరుగుతుంది, పీఏ66 (నైలాన్ 66) అయితే 260.

• నైలాన్ తేమ పీలుస్తుంది. తడి ఉంటే వెల్డు మీద దోసెకు పడ్డట్టు చిల్లులు పడతాయి. 80 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఆరాలి. మా ఊరి ఎండ కూడా చాలదు.

• లోపలి నల్ల జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అది పూర్తిగా ఆరేదాకా హీట్ గన్ ముట్టుకోవద్దు. పెట్రోలు వద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అసలే వద్దు, వేడికి విషవాయువు వస్తుంది.

• గ్రైండింగ్‌కు మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా. గాజుపొడి దురద రాత్రంతా నిద్ర పట్టనియ్యదు, నేను పడ్డాను.

• ఫ్లాంజిని (ఇంజిన్‌కు బోల్టులతో బిగించే చదును అంచు) చదునైన ఇనుప పలకకు బిగించి పెట్టుకోండి, లేకుంటే వేడికి వంకర పోతుంది.

• లోపలికి కారిన బొట్టు గట్టిపడి విరిగితే నేరుగా వాల్వు కిందికే. టార్చి వేసి చూసుకునే వీలు లేని చోట అతికించొద్దు.

• టర్బో (గాలిని ఒత్తిడితో నెట్టే) బండా? కొత్త మానిఫోల్డు కొనండి.