ఉద్యోగావకాశం, కుటుంబం, నివాసం: మూడింటినీ కలిపి తూచడం ఎలా

కొత్త ఉద్యోగానికో పదోన్నతికో పిలుపు వచ్చినప్పుడు జీతం, హోదా, చేరవలసిన తేదీ అన్నీ కాగితం మీద స్పష్టంగా ఉంటాయి. ఇంట్లో మారబోయే సంగతులు మాత్రం ఏ కాగితం మీదా ఉండవు. పిల్లలు నిద్రపోయేలోగా ఇంటికి చేరగలమా, జీవిత భాగస్వామి ఉద్యోగం ఏమవుతుంది, తల్లిదండ్రులకు అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు వెళ్తారు అన్నవాటికి అంకెలు లేవు కనుక, అంకెలున్న పక్షమే చర్చలో పైచేయి సాధిస్తుంది. కొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. ‘కుటుంబం కోసం’ అన్న మాట ఒక్కసారి వినబడగానే లెక్కలన్నీ ఆగిపోయి, ఏళ్ల తరబడి శ్రమించి సంపాదించుకున్న అవకాశం కనీస పరిశీలనకైనా నోచుకోదు. రెండూ అన్యాయమే. రెండు పక్షాలనూ ఒకే కొలతతో కొలిస్తే తప్ప న్యాయమైన నిర్ణయం సాధ్యం కాదు. ఆ కొలత వారంలోని ఒక మామూలు పనిరోజు అనీ, దాన్ని ఇంట్లో ఒక్కొక్కరి వైపు నుంచీ విడివిడిగా చూడాలనీ నా అభిప్రాయం.

ముందు గడువు, ఆ తర్వాత ప్రశ్న

జవాబు వెంటనే కావాలని అడిగినా, వారం పది రోజుల గడువు మర్యాదగా కోరడంలో తప్పు లేదు. ఇంట్లోవారితో మాట్లాడి, అక్కడి ఇళ్లూ బడులూ విచారించుకుని చెబుతామన్నది ఏ సంస్థకైనా అర్థమయ్యే కారణమే. ఆ మాత్రం వ్యవధికి కూడా ఒప్పుకోని చోట, రేపు ఇంట్లో అవసరం పడి సెలవు అడిగితే ఎలాంటి సమాధానం వస్తుందో ఇప్పుడే ఊహించవచ్చు.

గడువు దొరికాక చేయవలసిన మొదటి పని ప్రశ్నను సరిగా రాసుకోవడం. ‘వెళ్లాలా, మానాలా’ అని రాసుకుంటే రెండే దారులు కనిపిస్తాయి. నిజానికి వాటి మధ్య చాలా ఉంటాయి. విద్యాసంవత్సరం ముగిశాక చేరడం, మొదటి కొన్ని నెలలు ఒక్కరే వెళ్లి చూడడం, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసేలా ఒప్పించడం, ఇల్లు మారకుండా అదే సంస్థలో దగ్గరి కార్యాలయం కోరడం, ఈ అవకాశాన్ని చూపి ఇప్పుడున్న చోటనే బాధ్యతలనూ జీతాన్నీ పెంచమని అడగడం, ఇవన్నీ వేర్వేరు దారులు. కనీసం నాలుగు దారులైనా కాగితం మీదికి వచ్చేవరకు తూచడం మొదలుపెట్టకండి. తిరస్కరించవలసి వస్తుందనుకున్న అవకాశం చేరే తేదీని మూడు నెలలు జరిపితే చక్కగా అమరిపోవచ్చు.

రెండు వరుసల కాగితం, దానికి చేయవలసిన సవరణ

1772లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మతబోధకుడిగా ఉన్న జోసెఫ్ ప్రీస్ట్లీకి ఇలాంటి సందిగ్ధమే ఎదురైంది. షెల్బర్న్ ప్రభువు ఆయనను తన గ్రంథాలయ బాధ్యతలకూ, పిల్లల చదువు పర్యవేక్షణకూ రమ్మన్నారు. లీడ్స్‌లో వచ్చేది ఏడాదికి 100 గినీలు (గినీ అంటే పౌండుకన్నా కాస్త ఎక్కువ), ఒక ఇల్లు. కొత్త చోట 250 పౌండ్లు, అక్కడా ఒక ఇల్లు. ఇంట్లో భార్య, చిన్న పిల్లలు ఉన్నారు. సలహా అడిగితే అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ ఏడాది సెప్టెంబరులో రాసిన జవాబు నేటికీ పనికొస్తుంది. ఏం చేయాలో తాను చెప్పలేననీ, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలననీ ఆయన రాశారు. కాగితాన్ని గీతతో రెండుగా విభజించి, మూడు నాలుగు రోజులపాటు తోచిన కారణాలన్నీ అనుకూలం ఒకవైపు, ప్రతికూలం మరొకవైపు రాయాలి. ఆపైన ఒక్కొక్కదాని బరువు అంచనా వేసి, సమానంగా తూగినవాటిని రెండువైపులా కొట్టివేస్తూ పోవాలి. ఇటువైపు ఒక కారణం అటువైపు రెండింటికి సమానమనిపిస్తే మూడింటినీ కలిపి కొట్టివేయాలి. చివరికి బరువు ఎటు మిగిలిందో చూడాలి.

ఈ పద్ధతిలోని గొప్పతనం ఆ మూడు నాలుగు రోజుల్లో ఉంది. ఉత్సాహంగా ఉన్న పూట తోచే కారణాలు దిగులుగా ఉన్న పూట తోచవు; కాగితం రెండు పూటలనూ పక్కపక్కన నిలబెడుతుంది. కుటుంబం విషయంలో మాత్రం దీనికి ఒక సవరణ అవసరం. లాభం ఒకరి వరుసలో, నష్టం మరొకరి వరుసలో ఉన్నప్పుడు ఒకదానితో ఒకటి కొట్టివేయడానికి మనకు అధికారం లేదు. అందుకే ఇంట్లో తెలివిడి వచ్చిన ప్రతి ఒక్కరికీ విడిగా ఒక కాగితం ఇవ్వండి. ఎవరిది వారు రాసుకున్నాకే ఒకరివి ఒకరు చదవాలి. ముందే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే, గట్టిగా మాట్లాడగలిగినవారి కారణాలే అందరి కారణాలుగా నమోదవుతాయి.

కుటుంబ వలసల గురించి ఆర్థికవేత్త జాకబ్ మిన్సర్ 1978లో రాసిన పరిశోధనాపత్రం సరిగ్గా ఈ విషయాన్నే విడమరిచింది. కుటుంబం మొత్తానికి లాభంగా తేలిన తరలింపులో ఒకరికి వ్యక్తిగతంగా నష్టం జరగవచ్చు. ఒంటరిగా ఉండి ఉంటే వారు ఆ ఊరికి వెళ్లేవారే కాదు. అలాగే ఉన్నచోటనే ఉండిపోవడం వల్ల నష్టపోయేవారూ ఉంటారు. ఆ నష్టం ఎవరిదో పేరు పెట్టి చెప్పుకోవడం కష్టమైన పని. అయినా చెప్పుకోవాలి. ఆ పేరు పక్కన, వారికోసం ఏం చేయబోతున్నామో కూడా రాయాలి. ఉద్యోగం వదులుకునే భార్యకో భర్తకో అది ఫలానా కోర్సుకు ఫీజు కావచ్చు, ఉద్యోగం వెతుక్కునే నెలల్లో ఇంటి పని మరొకరు చూసుకుంటారన్న ఒప్పందం కావచ్చు, తర్వాతి బదిలీ తమ వృత్తిని బట్టే ఉంటుందన్న మాట కావచ్చు.

డబ్బు లెక్క

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు కానీ నిజాయితీగా చేయాలి. పోల్చవలసింది మొత్తం జీతాలను కాదు. పన్నులు, ఇంటి అద్దె, బడి ఫీజులు, రాకపోకలు పోగా నెలాఖరుకు మిగిలేదాన్ని. చాలామంది మరిచిపోయే పద్దులు మూడు. జీవిత భాగస్వామి ఆదాయం కొంతకాలం ఆగిపోవడం మొదటిది. ఇప్పటివరకు అమ్మానాన్నలో అత్తమామలో ప్రేమతో చేస్తున్న పిల్లల సంరక్షణను ఇకపై డబ్బిచ్చి చేయించుకోవలసి రావడం రెండవది. అయినవాళ్లను చూడడానికి ఏటా చేసే ప్రయాణాల ఖర్చు మూడవది. ఈ మూడూ తీసివేశాక కూడా పెరుగుదల మిగిలితే అది నిజమైన పెరుగుదల.

రోజు లెక్క

రెండు చోట్లా ఒక సాధారణ మంగళవారం ఎలా గడుస్తుందో నిద్ర లేచింది మొదలు పడుకునే వరకు గంటలవారీగా రాయండి. ఎవరు ఎవరిని నిద్ర లేపుతారు, ఎవరు బడిలో దింపుతారు, మధ్యాహ్నం పిల్లలకు జ్వరమని ఫోన్ వస్తే ఎవరు ఎంతసేపట్లో చేరగలరు, రాత్రి భోజనానికి ఎంతమంది కలిసి కూర్చుంటారు అన్నంత వివరంగా ఉండాలి. హోదా గురించిన సంతోషం కొన్నాళ్లకు అలవాటైపోతుంది, కానీ మంగళవారం ప్రతి వారమూ వస్తుంది.

ఇందులో అన్నింటికన్నా తక్కువగా అంచనా వేసేది ప్రయాణ సమయం. కొత్త కార్యాలయం ఇప్పటికన్నా ఒక్కోవైపు 45 నిమిషాలు దూరమైతే రోజుకు గంటన్నర పోతుంది. ఏడాదికి 230 పనిదినాలు అనుకుంటే అది 345 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు 43 దాకా. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి 2008లో ప్రచురించిన పత్రంలో, రోజూ ఎక్కువసేపు ప్రయాణించేవారు తమ జీవితం పట్ల తక్కువ సంతృప్తిని తెలిపారనీ, జీతంగానీ మెరుగైన ఇల్లుగానీ ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదనీ చూపారు. పెద్ద ఇంటి కోసం దూరంగా వెళ్లాలనుకునేవారు ఆ ఇంట్లో మెలకువగా ఎన్ని గంటలు ఉంటారో లెక్కించుకోవాలి.

ఊరిని చూడడం

కొత్త ఊరిని ఊహించుకునేటప్పుడు మన మనసు తేడాగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. పరిశోధకులు డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని కాలిఫోర్నియా విద్యార్థులూ, మధ్య పశ్చిమ రాష్ట్రాల విద్యార్థులూ తమ జీవితం పట్ల దాదాపు ఒకే స్థాయి సంతృప్తిని తెలిపారు. కాలిఫోర్నియాలో ఉండేవారే ఎక్కువ సంతోషంగా ఉంటారని మాత్రం రెండు చోట్లవారూ అనుకున్నారు. వాతావరణం కళ్లకు కట్టినట్టు కనిపించే తేడా కావడంతో ఊహలో దానికి అంత బరువు వచ్చింది. రోజువారీ బతుకులో అది అనేక విషయాల్లో ఒకటి మాత్రమే. కాబట్టి వీలైతే సెలవుల్లో కాకుండా పనిదినాల్లో అక్కడ నాలుగు రోజులు ఉండి రండి. కార్యాలయ వేళల్లో ప్రయాణించండి, బడి వదిలే సమయానికి అక్కడ నిలబడండి, దగ్గరి ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో చూడండి. వెళ్లాలని తేల్చుకున్నా మొదటి ఏడాది అద్దె ఇంట్లోనే ఉండి, ఇక్కడి ఇంటిని అమ్మకుండా ఉంచుకోగలిగితే అంతకన్నా మంచి జాగ్రత్త లేదు.

ఇంట్లోవారిని అడగడం

‘నీకు ఇష్టమేనా’ అని అడిగితే ‘నీ ఇష్టం’ అన్న జవాబు రావడానికే అవకాశం ఎక్కువ. ఆ మాటను అంగీకారంగా తీసుకోవద్దు. చాలాసార్లు అది అలసట. ‘వెళ్తే నీకు అన్నింటికన్నా కష్టమనిపించేది ఏమిటి’, ‘వెళ్లకపోతే అయిదేళ్ల తర్వాత నా మీద నీకేమనిపిస్తుంది’ అని అడగండి. అవతలివారు కూడా మిమ్మల్ని ఇవే అడగాలి. ఉండిపోయినవారి మనసులో మిగిలే అసంతృప్తి, వెళ్లినవారి మనసులో మిగిలే అపరాధ భావం రెండూ ఇంటి వాతావరణాన్ని ఏళ్లపాటు ప్రభావితం చేస్తాయి.

పిల్లల విషయంలో వయసు ముఖ్యం. మరీ చిన్నవారికి ఊరికన్నా తమను రోజూ చూసుకునేవారు మారకపోవడం ముఖ్యం. పదమూడు పద్నాలుగేళ్లు దాటినవారికి స్నేహితులే ప్రపంచం. పెద్ద పరీక్షల ముందు ఏడాదిలో వారిని కదిలించడం తప్పించుకోగలిగితే తప్పించుకోవడమే మంచిది. నిర్ణయం పెద్దవారిదే అయినా వారి మాట వినాలి, వారు అడిగిన వాటిలో ఏవి సాధ్యమో ఏవి కావో దాచకుండా చెప్పాలి.

వయసు మళ్లిన తల్లిదండ్రుల గురించి ఇబ్బందికరమైన ప్రశ్నలు ఇప్పుడే వేసుకోవాలి. అత్యవసరమైతే ఎన్ని గంటల్లో చేరగలం? ఆ లోపు ఎవరు చూస్తారు? ఆ చూసేవారిని, అంటే తోబుట్టువునో చుట్టాన్నో, ముందుగా అడిగామా? మనం వెళ్లిపోవడం వల్ల ఆ భారం అక్కడే ఉన్న అన్నదమ్ముల మీదో అక్కచెల్లెళ్ల మీదో పడుతుంటే, వారికీ ఈ చర్చలో చోటు ఉండాలి.

కొన్నాళ్లు వేర్వేరు ఊళ్లలో ఉందామనుకుంటే అది ఎప్పటికి ముగుస్తుందో తేదీతో సహా నిర్ణయించుకోండి. ‘కుదిరినప్పుడు’ అన్న ఒప్పందం ఏళ్లకు ఏళ్లు సాగుతుంది.

వెనక్కి రాగలిగే దారి

ప్రీస్ట్లీ ఆ కొలువుకు అంగీకరిస్తూ కుదుర్చుకున్న షరతు మనకు పాఠం కావాలి. ఎప్పుడైనా తానూ షెల్బర్న్ ప్రభువూ విడిపోతే జీవితాంతం ఏటా 150 పౌండ్లు రావాలన్నది ఆ షరతు. 1780లో విడిపోయాక ఆ మొత్తం ఆయనకు అండగా నిలిచింది. మనకు అంతటి హామీ దొరకకపోవచ్చు. అయినా ఇల్లు మారే ఖర్చు ఎవరిది, ఏడాదిలోపు మానేస్తే అది తిరిగి కట్టాలా, ప్రొబేషన్ కాలంలో తొలగిస్తే ఎన్ని రోజుల నోటీసు, ఇంటి నుంచి పనిచేసే రోజులు ఎన్ని అన్నవి సంతకం చేయకముందే రాతపూర్వకంగా తెచ్చుకోవచ్చు. నోటిమాటగా ఒప్పుకున్న అధికారి రేపు ఆ కుర్చీలో ఉండకపోవచ్చు. ఇప్పటి సంస్థను మంచి మాటలతో వదలడం, మీ జీవిత భాగస్వామి ఉద్యోగానికి రాజీనామా చేయకుండా వీలైతే దీర్ఘకాలిక సెలవు అడగడం కూడా ఈ జాగ్రత్తల్లో భాగమే.

ఇన్ని చేశాక కూడా రెండూ సమానంగా తూగుతుంటే? స్టీవెన్ లెవిట్ అనే అమెరికా ఆర్థికవేత్త 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఎటూ తేల్చుకోలేనివారితో నాణెం ఎగరవేయించారు. 20 వేలకు పైగా నాణేలు అలా ఎగిరాయి. మార్పు వైపు బొమ్మ పడినవారు మార్పుకు ఎక్కువగా మొగ్గారు, పెద్ద నిర్ణయాల్లో మారినవారు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు చెప్పారు. మనుషులు అవసరానికి మించి వెనకాడతారని దీన్నిబట్టి అనుకోవచ్చు. కానీ అక్కడ ప్రధానంగా కొలిచింది నాణెం ఎగరవేసినవారి సంతోషాన్ని. మీ ఇంట్లో మార్పును భరించేది ఇంకొకరైతే ఆ ఫలితాన్ని వారికి వర్తింపజేయకండి. తూకం నిజంగా సమానమైనప్పుడు, తేలికగా వెనక్కి రాగలిగిన దారినే ఎంచుకోవాలని నేను చెబుతాను.

కాదనుకుంటే కారణాన్ని రెండు వాక్యాల్లో చెప్పి, పరిస్థితులు ఎప్పుడు మారవచ్చో కూడా రాయండి. మర్యాదగా కాదన్నవారిని సంస్థలు మళ్లీ పిలుస్తాయి. ఔననుకుంటే చేరిన ఆరు నెలలకు ఒక తేదీని ఇంటిల్లిపాదీ ఒప్పుకుని రాసి పెట్టుకోండి. ఆ రోజు పాత కాగితాలు తీసి, అనుకున్నవాటిలో ఏవి జరిగాయో ఏవి జరగలేదో చూడాలి. ఆ చర్చలో మొదట మాట్లాడవలసింది ఈ మార్పు కోసం అందరికన్నా ఎక్కువ వదులుకున్నవారు.