అడీనియం బోన్సాయ్‌కి నీళ్లు పోసే ముందు ఒక్కసారి నొక్కి చూడండి

రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకి మేడ మీద అడీనియం (ఎడారి గులాబీ మొక్క) ఆకులు వాలిపోతే కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. ముందు ఉబ్బిన మొదలును బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే ఇంకో రోజు ఆగొచ్చు. కాస్త మెత్తబడి, మట్టి కూడా బాగా ఎండిపోయి ఉంటే అది దాహం. పొద్దున్నే, అడుగు చిల్లిలోంచి కారేదాకా పోసి, మళ్లీ మట్టి ఎండేవరకు వదిలేయండి. మట్టి తడిగా ఉండి మొదలు మెత్తగా తగిలితే మాత్రం కుళ్లు పట్టినట్టే, చుక్క నీళ్లు కూడా వద్దు. నేను పదేళ్లు పెంచిన చెట్టు అలాగే పోయింది, ఇప్పటికీ బాధే.

కుండీని కాలే స్లాబు మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. అక్టోబరు నుంచి మన నెల్లూరు, ఒంగోలు వైపు ముసురు పట్టినప్పుడు వాన పడని చోటికి జరపండి.