చేను పసుపెక్కిందా? ముందు వేరు చూడండి

దాళ్వా (రబీ) వరి కాస్త పసుపెక్కగానే యూరియా బస్తా విప్పడం మన గోదావరి డెల్టాలో అలవాటైపోయింది. దయచేసి ఆ బస్తా పక్కన పెట్టి, ముందు ఒక దుబ్బు పీకి చూడండి.

వేళ్లు నల్లబడి, బురద కుళ్లిన గుడ్డు వాసన వేస్తోంది

ఆరోగ్యమైన వరి వేరు కొస తెల్లగా, పైభాగం తుప్పు రంగులో ఉంటుంది. వేరు వదిలే ఆక్సిజన్ నేలలోని ఇనుమును తాకడం వల్ల వచ్చే ఆ తుప్పు మంచిదే. నలుపే ప్రమాదం. ఒక్కసారిగా కుండపోత కురిసి, మురుగు లాగక చేలో నీరు రోజుల తరబడి నిలిస్తే నేలలోకి గాలి చొరదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులదే అప్పుడు రాజ్యం. వాటిలో కొన్ని మీథేన్‌ను, కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. ఆ వాసన రెండోదానిదే. వేళ్లను కాల్చేదీ అదే.

నీరు తీసేసి, సన్న నెర్రెలు కనిపించేదాకా ఆరగట్టి, మళ్లీ పలచగా పెట్టండి. పొట్ట, పూత దశల్లో మాత్రం ఆరగట్టవద్దు. ఊడ్పులకు ముందు పచ్చిగడ్డిని దమ్ములో కలిపితే ఈ బాధ పెరుగుతుంది. గుర్రపుడెక్కతో పూడిన మురుగు కాలువ ఒక్క రైతు వల్ల బాగుపడదు. ఆయకట్టు అంతా కదలాల్సిందే.

గట్ల మీద తెల్లటి పొర, వానపాముల మట్టి గుళికలు మాయం

ఇది ఉప్పు. శివారు భూములకు కాలువ నీరు చాలకపోవడం, తుపానులకు సముద్రపు నీరు పైకి రావడం, పక్కనున్న రొయ్యల చెరువు ఊట కారణాలు. వానపాము తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఉప్పు ఆ తడిని లాగేస్తుంది. ఇలాంటి చేలను ఆరగట్టవద్దు, అడుగు ఉప్పు పైకి వస్తుంది. మంచి నీరు నిండా పెట్టి తీసేయడం రెండు మూడు సార్లు చేయండి. చెరువుకూ చేనుకూ మధ్య ఊటబోదె తవ్వించండి. వేసవి చివర పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. జిప్సం అందరికీ కాదు: భూసార పరీక్షలో క్షారం తేలితేనే.

మాగాణి మినుము వేళ్లకు బుడిపెలు లేవు

ఒకటీ అరా బుడిపె ఉంటే గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియా పనిచేస్తున్నట్టే. తెల్లగా ఉంటే పనిచేయనట్టే. వచ్చే ఏడు, వరి కోతకు ముందు చల్లే విత్తనానికి 10 కిలోలకు 200 గ్రాముల రైజోబియం బెల్లం నీటితో పట్టించి, నీడలో ఆరబెట్టండి. విత్తనానికి తెగులు మందు ముందు, రైజోబియం చివర.