మొజాయిక్ స్టైల్‌లో ఫ్యాంటసీ మ్యాప్ వేయడం ఎలా? (ఫిల్టర్ జోలికి పోకుండా)

మామూలు మ్యాప్ ఒకటి గీసేసి, దాని మీద మొజాయిక్ ఫిల్టర్ కొట్టి అయిపోయిందనుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నా. ఫిల్టర్ చేసేదల్లా బొమ్మ మీద ఒక వల పరచడమే. కింద సముద్రం ఉందా, కొండ ఉందా దానికి పట్టదు. తీరం మీద పడిన బిళ్ళలో సగం నీలం, సగం పచ్చ కలిసి బురద రంగు తేలుతుంది. అసలు మొజాయిక్‌లో ఒక బిళ్ళకి ఒకటే రంగు, అది ఎటు తిరగాలో బొమ్మ చెబుతుంది. మన ఇళ్లలో మొజాయిక్ గచ్చు అంటామే, రాతి చిప్స్ సిమెంట్లో కలిపి పాలిష్ పట్టేది, అది కాదు. డాబా మీద విరిగిన టైల్స్ ముక్కలు అతికిస్తారు చూడండి, దానికి దగ్గర.

మొదలుపెట్టే ముందు మదాబా మ్యాప్ ఫొటోలు చూడండి. జోర్డాన్ దేశంలో మదాబా ఊళ్లోని సెయింట్ జార్జ్ చర్చిలో, 6వ శతాబ్దంలో నేల మీద పరిచిన మ్యాప్ అది. అందులో తూర్పు పైన ఉంటుంది, కాబట్టి మీరు ఊహించి గీసే దీవికి కూడా ఉత్తరమే పైన ఉండాలని రూలేం లేదు. నాకు అందులో బాగా ఇష్టమైనది నదిలోని చేప. మృత సముద్రం దాకా వచ్చి, ఆ ఉప్పు నీళ్లలోకి పోలేక వెనక్కి తిరిగి ఈదుతుంటుంది. అలాంటిది ఒక్కటి పెట్టుకోండి మీ మ్యాప్‌లో, పది డ్రాగన్ల పెట్టు.

సామాను పెద్దగా అక్కర్లేదు. పెన్ టాబ్లెట్, క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. క్రిటా ఫ్రీ. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉంటే అందులోనూ వస్తుంది, సెట్టింగుల పేర్లు మారతాయంతే. కాన్వాస్ ఏ3 సైజు, 300 డీపీఐ, అంటే 4961 × 3508 పిక్సెల్స్. బిళ్ళ 28 పిక్సెల్స్, సందు 4. రంగులు పన్నెండు, పదమూడోది వద్దు. లేయర్లు మూడు: అడుగున సందుల్లో కనిపించే రంగు, దాని మీద బిళ్ళలు, అన్నిటికన్నా పైన గైడ్ గీతలు. సందుల్లో నలుపు పోస్తే మ్యాప్ చేపల వలలా కనిపిస్తుంది, బూడిద కలిసిన లేత గోధుమ రంగే పోయండి.

బ్రష్ ఇలా చేసుకోండి: చదరపు టిప్, స్పేసింగ్ (ఒక బిళ్ళ నుంచి ఇంకో బిళ్ళకి దూరం) 1.15, రొటేషన్‌లో డ్రాయింగ్ యాంగిల్ సెన్సర్ ఆన్. దీంతో పెన్ను ఎటు పోతే బిళ్ళ అటు తిరుగుతుంది. వాల్యూకి (అంటే రంగు వెలుగుకి) ఫజీ డాబ్ అనే సెన్సర్ కొంచెం ఇస్తే ఒక్కో బిళ్ళ ఒక్కో ఛాయలో పడుతుంది. కొంచెమే. ఎక్కువిస్తే బొబ్బట్టు మీద నువ్వులు చల్లినట్టుంటుంది.

తీరం గీత గీయండి. కొండలు, ఊళ్లు, నది ఎక్కడో గుర్తులు పెట్టుకోండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఇక్కడినుంచి మెల్లగా. బిళ్ళలు వరస తప్పేది ఇక్కడే. చాలామంది సముద్రమంతా అడ్డంగా నింపేసుకుంటూ వచ్చి, తీరం దగ్గర మిగిలిన సందుల్లో ఏవో ముక్కలు కుక్కుతారు. అది తిరగేసిన పని. తీరం ముందు, సముద్రం చివర. తీరం గీత లోపలి దీవిని సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్‌ని 16 పిక్సెల్స్ పెంచి గైడ్ లేయర్‌లో సన్న గీత వేయండి, తర్వాత 32 పెంచి ఇంకోటి, మళ్లీ 32 పెంచి ఇంకోటి. మొదటిది 16 ఎందుకంటే బిళ్ళ మధ్యభాగం ఆ గీత మీద నడవాలి. అలాగే లోపలికి కుదించి నేల వైపు రెండు గీతలు. ఆ గీతల మీద చేత్తోనే బిళ్ళలు వేయండి. స్ట్రోక్ సెలెక్షన్ అని ఒక ఆప్షన్ ఉంది, మొత్తం వరస ఒక్క దెబ్బకి వేసేస్తుంది. నేను వాడను, మీరూ వాడకండి, మూలలన్నీ పాడుచేస్తుంది.

మూల అంటే ఏంటో ఒకటి చూపిస్తా. నా దీవికి దక్షిణాన సూదిలాంటి కొన ఉంది. పెన్ను ఎత్తకుండా దాని చుట్టూ తిప్పితే కొన మీద నాలుగు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఎక్కి విసనకర్రలా విచ్చుకున్నాయి. వంపు వ్యాసార్థం నాలుగు బిళ్ళల కంటే తగ్గితే ఇంతే, లోపలి అంచులు అంటుకుపోతాయి, బయట త్రికోణాల్లా ఖాళీలు తెరుచుకుంటాయి. అందుకని కొనకి రెండు బిళ్ళల దూరంలో పెన్ను ఎత్తేయండి. అవతలి వైపు నుంచి వచ్చి అక్కడా రెండు బిళ్ళల ముందే ఆగండి. మిగిలిన చోట ఒక్కో బిళ్ళా విడిగా పెట్టి, గట్టి అంచున్న ఎరేజర్‌తో లోపలి వైపు చెక్కండి, బయట వెడల్పు, లోపల సన్నం. సుత్తితో రాయి కొట్టే పనివాడు చేసేదీ ఇదే. ఇరుకు అఖాతాల్లో ఇంకో తిప్పలు: బయటి వరసలు పోయేకొద్దీ చోటు తగ్గిపోతుంది. అక్కడ మూడో వరసని బలవంతంగా దూర్చకండి, పక్క వరసలో కలిపేసి ఆపేయండి.

ఊళ్లు, కొండలు, చేప, అన్నీ ఇదే పద్ధతి. ముందు బొమ్మ, దాని చుట్టూ నేపథ్యం రంగుతో ఒక వరస కాపలా, ఆ తర్వాతే అడ్డ వరసలు. కాపలా వరస లేకపోతే చేప నీళ్లలో ఉన్నట్టుండదు, స్టిక్కర్ అంటించినట్టుంటుంది. ఏ3 మొత్తానికి దాదాపు 17 వేల బిళ్ళలు పడతాయి. టెన్షన్ వద్దు, అడ్డ వరసలు పాటలు వింటూ అయిపోతాయి. మూలలకే రెండు సాయంత్రాలు.

పేర్లు తెలుగులో రాస్తే ఇంకో చిక్కు. మదాబాలో పేర్లు గ్రీకులో ఉన్నాయి, చాలా అక్షరాలు నిలువు గీతలు, అడ్డ గీతలే కాబట్టి బిళ్ళలకి కుదిరాయి. మన అక్షరాలన్నీ గుండ్రం, పైగా కింద వత్తులు. నా దీవికి మొదట గవ్వలమేట అని పెట్టా. వత్తు దగ్గర బిళ్ళలు ఇరుక్కుపోయి మచ్చలా కనబడింది. నత్తలమేట అన్నా, మళ్లీ వత్తే! చివరికి పీతలమేట అయింది. అక్షరాలకి 14 పిక్సెల్స్ బిళ్ళ వాడండి, స్పేసింగ్ 1.3కి పెంచండి, లేకపోతే వాటి మధ్య సందు రెండు పిక్సెల్సే మిగులుతుంది. అక్షరం ఎత్తు కనీసం పది బిళ్ళలు ఉండాలి.

బిళ్ళలకి నీడ పెట్టాలనిపిస్తే ఒక్క పిక్సెల్, అంతకు మించి వద్దు. ప్రింట్‌కి ఇచ్చేముందు ఒక మూల ముక్క మాత్రం అసలు సైజులో తీయించి చూడండి. ఒకసారి షాపువాళ్లు నా ఏ3 మ్యాప్‌ని ఏ5కి కుదించి ఇచ్చారు. సందులన్నీ మాయమై, పీతలమేట చుట్టూ సముద్రం మొత్తం ఒకే నీలం పూత అయిపోయింది.