ఊళ్ళో క్యాంపు, ఫోన్లో బుకింగ్ – 4వ పాఠం: సిగ్నల్ అందని క్యాంపుకు బుకింగ్ ఫోన్ ఎక్కడుండాలి?

కిందటి పాఠంలో మ్యాప్‌లో మన క్యాంపు పిన్ను సరైన చోట పెట్టుకున్నాం. పిన్ను కనబడితే ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉండాలి, అందులో పట్టిన బుకింగ్ కొండ మీదికి ఎలా చేరాలి, డబ్బు ఎప్పుడు తీసుకోవాలి – ఈ పాఠంలో ఇవి చూద్దాం. మారేడుమిల్లి లాంటి ఏజెన్సీ ప్రాంతంలో వన సంరక్షణ సమితి (అడవిని కాపాడే ఊరివాళ్ళ సంఘం) నడిపే క్యాంపును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. నల్లమలలోనైనా ఇంకో అడవిలోనైనా పద్ధతి ఇదే.

చాలా క్యాంపుల్లో జరిగే పొరపాటు ఒకటే. బుకింగ్ నంబరున్న ఫోన్ మేనేజరు జేబులో ఉంటుంది, మేనేజరు అడవిలో ఉంటాడు. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచో రాజమండ్రి నుంచో చేసినవాళ్ళకు ‘అందుబాటులో లేదు’ అని వినిపిస్తుంది. రెండోసారి చేసి చూస్తారు, ఆ తర్వాత రోడ్డు పక్కనున్న ప్రైవేటు రిసార్టుకు చేస్తారు. అడవిని కాపాడుతున్నది ఊరివాళ్ళయితే ఆదాయం ఇంకెవరికో పోతుంది. కాబట్టి ఫోన్‌ను సిగ్నల్ ఉన్న చోట ఉంచి, రిజిస్టరును క్యాంపులో ఉంచండి.

చోటు, మనిషి

క్యాంపుకు దగ్గరలో సిగ్నల్ నిలకడగా ఉండే ఇల్లో, కొట్టో, సమితి ఆఫీసో చూడండి. ఫోన్ తెర మీద గీతలు చూసి నమ్మకండి. గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలని చోట్లుంటాయి. మీ దగ్గర దొరికే ప్రతి కంపెనీ సిమ్‌తోనూ పొద్దున, రాత్రి ఎనిమిదింటికి, కరెంటు పోయిన మూడు గంటల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో పంపి చూడండి. నిమిషం లోపల వెళ్తే ఆ సిమ్ పనికొస్తుంది. మూడో పరీక్షను మాత్రం వదలకండి. కరెంటు పోతే టవర్ బ్యాటరీ మీద నడుస్తుంది, అది దిగిపోతే టవర్ ఆగిపోతుంది. గాలివాన రోజుల్లో బుకింగ్ రద్దు చేసుకునేవాళ్ళు ఫోన్ చేసేది సరిగ్గా అప్పుడే.

టవర్ లేని ఊళ్ళకు 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022 జులైలో 24,680 గ్రామాలతో ఒక పథకాన్ని ఆమోదించింది. ఆ పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. రెండేళ్ళ కిందట బీఎస్ఎన్ఎల్ పట్టని ఊరైనా ఇప్పుడు మళ్ళీ పరీక్షించండి. ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్లు మాత్రం కొనొద్దు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం, పైగా చుట్టుపక్కల వాళ్ళ సిగ్నల్‌ను కూడా చెడగొడతాయి.

ఇక మనిషి. ఇంటర్ దాకా చదివి, ఊళ్ళోనే ఉండే అమ్మాయో అబ్బాయో చాలు. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు గానీ తేదీలు తప్పు రాయకూడదు. ఈ పనికి సమితి తీర్మానం రాసి డబ్బు ఇవ్వాలి. నెల జీతమో, బుకింగ్‌కు ఇంత అనో మీ ఇష్టం. ‘ఖాళీగానే ఉంటుంది కదా, ఎత్తుతుందిలే’ అని ఊరికే అప్పగించిన చోట సీజన్ మధ్యలో ఫోన్ మూగబోతుంది. అది ఆ పిల్ల తప్పు కాదు.

వాట్సాప్ బిజినెస్ అమరిక

మామూలు వాట్సాప్ కాకుండా బిజినెస్ యాప్ వేసుకోండి, అదీ సమితి పేరు మీద తీసుకున్న సిమ్‌తో. మేనేజరు సొంత నంబరుతో మొదలుపెడితే, ఆయన మారినరోజు పాత అతిథులందరూ ఆయనతోనే పోతారు.

ఒక ఖాతాను ప్రధాన ఫోన్ కాక మరో నాలుగు పరికరాలకు లింకు చేసుకోవచ్చు. ప్రధాన ఫోన్ సిగ్నల్ ఉన్న చోటి మనిషి దగ్గర పెట్టి, మేనేజరు ఫోన్‌ను లింకు చేయండి. దీన్ని తిరగేస్తే రెండు ఇబ్బందులు. ప్రధాన ఫోన్ 14 రోజులు వాడకపోతే లింకు ఫోన్లన్నీ లాగౌట్ అయిపోతాయి. రెండోది చాలామందికి తెలియదు: ‘ప్రస్తుతం అందుబాటులో లేము’ అని తనంతట తాను వెళ్ళే ‘అవే’ (Away) మెసేజ్, ఫోన్‌కు నెట్ ఉంటేనే వెళ్తుంది. అడవిలో ఉన్న ఫోన్‌లో ‘అవే’ మెసేజ్ పెట్టుకుని అతిథులకు జవాబు వెళ్తోందనుకుంటే పొరపాటే.

తర్వాత క్విక్ రిప్లైలు. స్లాష్ గుర్తు కొట్టి ఒక చిన్న మాట రాస్తే జవాబు మొత్తం వచ్చేస్తుంది. నాలుగింటితో మొదలుపెట్టండి: ధరలు, దారి, భోజనం, అడ్వాన్స్. దారి మెసేజ్‌ను శ్రద్ధగా రాయండి. ‘రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. ఆఖరి పెట్రోలు బంకు ఫలానా చోట. ఆఖరి ఏటీఎం ఫలానా చోట. ఫలానా మలుపు దాటాక ఫోన్ పనిచేయదు, అంతకు ముందే మాకు ఫోన్ చేయండి, ఇంటికి కూడా చెప్పేయండి. మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.’ సిగ్నల్ ఉండదని దాచిపెడితే వచ్చాక గొడవ పడతారు. ముందే చెబితే దానికోసమే వచ్చేవాళ్ళూ ఉన్నారు.

భోజనం మెసేజ్‌లో బొంగు చికెన్ ఎన్ని గంటల ముందు చెప్పాలో రాయండి. వెదురు తెచ్చి, కోసి, నిప్పుల మీద కాల్చాలి కాబట్టి వచ్చి కూర్చున్నాక అడిగితే అందదు.

బుకింగ్ కొండెక్కడం

ఒకే గది ఇద్దరికి ఇవ్వడం సమితి పరువు తీసే తప్పు. రెండు చోట్ల బుకింగ్ పట్టడం వల్లే ఇది జరుగుతుంది. అందుకని బుకింగ్ రాసే హక్కు ఫోన్ దగ్గరున్న మనిషికే ఉండాలి. క్యాంపుకు నేరుగా వచ్చినవాళ్ళకు గది ఇవ్వాలన్నా, సర్పంచ్ గారి తాలూకు వాళ్ళకైనా, ముందు కింద ఫోన్ దగ్గరున్న మనిషిని అడగాలి.

క్యాంపులో బలహీనమైన సిగ్నల్ ఉంటే నెట్ రాకపోయినా ఎస్ఎమ్ఎస్ చాలాసార్లు వస్తుంది, దానికి కావలసిన సామర్థ్యం చాలా తక్కువ. తెలుగు లిపిలో ఒక ఎస్ఎమ్ఎస్‌కు 70 అక్షరాలే పడతాయి, గుణింతపు గుర్తులు, ఖాళీలతో కలిపి. అది దాటితే ముక్కలవుతుంది, ఒక ముక్క రాకపోతే మొత్తం చదవలేం. కాబట్టి ఒకే వరుసలో రాయడం అలవాటు చేయండి:

12 శని–13 ఆది, 2 గదులు, 4+1 పిల్ల, శాకా 2, అడ్వా 2000

అంటే పెద్దవాళ్ళు నలుగురు, పిల్ల ఒకరు, శాకాహారులు ఇద్దరు, అడ్వాన్స్ 2000.

రోజూ పొద్దున 7కి, సాయంత్రం 5కి పంపాలి. బుకింగ్ లేకపోయినా ‘ఏమీ లేదు’ అని పంపాలి, లేకపోతే మెసేజ్ రాలేదా, బుకింగే లేదా అన్నది క్యాంపుకు తెలియదు. అందినట్టు క్యాంపు నుంచి ‘సరే’ రావాలి. బొత్తిగా సిగ్నల్ లేని చోట అదే వరుసను చీటీ మీద రాసి ఆటోలోనో బైకు మీదో పంపండి, రెండో ప్రతి కింద ఉంచుకోండి.

డబ్బు

యూపీఐ చెల్లింపుకు నెట్ కావలసింది ముఖ్యంగా కట్టేవాళ్ళకు. క్యాంపు గోడకు క్యూఆర్ అంటించి లాభం లేదు, అతిథి ఫోన్ అక్కడ పనిచేయదు. స్టార్ 99 హ్యాష్ (*99# డయల్ చేసి డబ్బు పంపే) పద్ధతి నెట్ లేకుండా నడుస్తుంది గానీ దానికీ కొంత సిగ్నల్ కావాలి, ఒక్కోసారి పరిమితి 5,000 రూపాయలు, పట్నం అతిథుల్లో వాడినవాళ్ళు తక్కువ. మంచి పద్ధతి: బుకింగ్‌తోనే అడ్వాన్స్, మిగతాది కొండ ఎక్కకముందు సిగ్నల్ ఉన్న చోటే. పైన చిన్న ఖర్చులకు నగదు తెచ్చుకోమని దారి మెసేజ్‌లోనే రాయండి.

స్క్రీన్‌షాట్ చూసి గది ఇవ్వొద్దు, దాన్ని తయారు చేయడం రెండు నిమిషాల పని. సమితి బ్యాంకు ఖాతాలో జమ కనబడాలి, 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు రిజిస్టరులో రాయాలి. కట్టినవాళ్ళ ఖాతాలో తగ్గి మనకు రాకపోతే భయపడొద్దని చెప్పండి. రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధనల ప్రకారం మర్చంట్ చెల్లింపైతే (వ్యాపార ఖాతాకు కట్టినదైతే) లావాదేవీ రోజు నుంచి 5 రోజుల్లోగా వెనక్కి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ నంబరు రాసి ఉంటేనే ఎవరైనా వెతకగలరు.

‘ఆర్మీ నుంచి మాట్లాడుతున్నాం, ఇరవై మంది జవాన్లకు గదులు, అడ్వాన్స్ పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అంటే అది మోసం, వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు.

విదేశీ అతిథులు వస్తే వచ్చిన 24 గంటల్లో వాళ్ళ వివరాలు తెలిపే ఫారం (ఇదివరకు సి ఫారం అనేవారు) ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫోటోలు బుకింగ్ రోజే తెప్పించుకోండి. అతిథి చేరినట్టు క్యాంపు నుంచి కబురు రాగానే కిందున్న మనిషి నింపేయవచ్చు.

ఈ వారం పని

సిమ్ పరీక్షలు చేసి ఫలితం కాగితం మీద రాయండి. నాలుగు క్విక్ రిప్లైలు తయారు చేసి, క్యాంపు ఎప్పుడూ చూడని ఒకరికి పంపి, దారి అర్థమైందో లేదో అడగండి. ఏడు రోజులు ఉదయం, సాయంత్రం ఎస్ఎమ్ఎస్ నడిపి, 14లో ఎన్నిటికి ‘సరే’ వచ్చిందో లెక్కపెట్టండి. రెండుకు మించి తప్పిపోతే చీటీ పద్ధతి కూడా జతచేయండి. వచ్చే పాఠంలో ఫోటోలు: తక్కువ నెట్‌లో వెళ్ళేలా సైజు తగ్గించడం, వానాకాలపు జలపాతం బొమ్మను ఎండాకాలంలో పెట్టకపోవడం.