వైరు కత్తిరించకముందే కనెక్టర్ తేల్చుకోండి

ప్రాజెక్టు అనగానే బోర్డు ఏది, సెన్సర్ ఏది అని రోజుల తరబడి వెతుకుతాం. వైర్లను కలిపే కనెక్టర్ దగ్గరికి వచ్చేసరికి డబ్బాలో చేతికి తగిలింది పెట్టేస్తాం. బాగుచేయమని నా బల్ల మీదికి వచ్చేవాటిలో చిప్ దానంతటది పోయినవి తక్కువే. ఎక్కువగా చూసేది లూజ్ కాంటాక్ట్, రంగు మారిన ప్లాస్టిక్, ప్లస్ మైనస్ తారుమారు కావడం. ఈ మూడూ వైరు కత్తిరించకముందే ఆపగలిగినవి. అందుకే కొత్త పని మొదలుపెట్టబోయేవాళ్లకి నేను ముందుగా కనెక్టర్ గురించే చెబుతాను.

మొదట లెక్క, తర్వాతే కొనడం

ప్రతి కనెక్షన్‌కీ కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. ఎన్ని వోల్టులు, మామూలుగా నడుస్తున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు, స్టార్ట్ అయ్యే క్షణంలోనో మోటారు బిగుసుకుపోయినప్పుడో ఎన్ని ఆంపియర్లు. మూడోది చాలామంది రాయరు. ఖాళీగా తిరిగేటప్పుడు అర ఆంపియర్ తీసుకునే చిన్న డీసీ మోటారు, షాఫ్ట్ ఆగిపోతే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. కనెక్టర్ ఆ దెబ్బని కూడా తట్టుకోవాలి.

పిన్ను, సాకెట్ తాకే చోట కొద్దిగా రెసిస్టెన్స్ ఎప్పుడూ ఉంటుంది. అది 10 మిల్లీఓమ్‌లు అనుకుందాం. 3 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 0.09 వాట్, పట్టించుకోనక్కర్లేదు. అదే చోట 10 ఆంపియర్లు పోతే ఒక వాట్. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది కాబట్టి అంకె ఇలా దూకుతుంది. కాంటాక్ట్ వదులై, నల్లబడి 50 మిల్లీఓమ్‌లకు చేరిందంటే అదే 10 ఆంపియర్లకు 5 వాట్లు. వేలి గోరంత ప్లాస్టిక్ ముక్కలో 5 వాట్లు ఇరుక్కుంటే అది మెత్తబడుతుంది, మెత్తబడితే పట్టు సడలుతుంది, సడలితే ఇంకా వేడి. నేను చూసిన కాలిన కనెక్టర్లలో చాలావాటి కథ ఇదే.

పేరులో ఉన్న అంకెను నమ్మి కొనకండి. బ్యాటరీలకు వాడే ఎక్స్‌టీ60 కనెక్టర్ అంటే నిరంతరంగా 60 ఆంపియర్లు అనుకుంటారు. దాని తయారీదారు డేటాషీట్‌లో నిరంతరంగా మోయగలిగేది 30 ఆంపియర్లే, 60 అన్నది కాసేపటి గరిష్ఠం. ఎక్స్‌టీ30 సంగతీ అంతే, 15 ఆంపియర్లు. సన్న వైర్లకు వాడే జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ రకానికి 3 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, అది 22 ఏడబ్ల్యూజీ (వైరు మందం కొలత, అంకె పెరిగితే వైరు సన్నబడుతుంది) వైరు వేసినప్పటి మాట. మీరు 28 సైజు సన్న వైరు వేస్తే ఆ 3 ఆంపియర్ల మాట మరిచిపోవాలి. హౌసింగ్‌లో, అంటే పిన్నులు కూర్చునే ప్లాస్టిక్ తొడుగులో, పక్కపక్కన పిన్నులన్నీ ఫుల్ లోడ్‌లో ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది, అప్పుడు ఇంకా తగ్గించుకోవాలి. నేనైతే డేటాషీట్ అంకెలో సగానికే లెక్క కడతాను. కాస్త పెద్ద కనెక్టర్ కొన్నందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

ఒక పిన్ను చాలకపోతే రెండు మూడు పిన్నులకు కరెంటు పంచడం అందరూ చేసేదే. కానీ అందులో ఒకటి సరిగ్గా కూర్చోకపోతే దాని వాటా కూడా మిగతావాటి నెత్తిన పడుతుంది. 2022లో కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుల కోసం వచ్చిన 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్లు కొన్ని కరిగిపోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాటికి గరిష్ఠమైన 600 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు. ఆరు పిన్నులకు పంచితే ఒక్కోదానికి సుమారు 8.3. అప్పట్లో బయటపడిన కారణాల్లో ముఖ్యమైనది ప్లగ్ చివరిదాకా లోపలికి వెళ్లకపోవడం. మీ ప్రాజెక్టులోనూ పంచుకునే పిన్నులు ఉంటే, పూర్తిగా దిగిందని చెవికి వినపడే క్లిక్ ఉన్న రకమే తీసుకోండి.

చూడటానికి ఒకేలా ఉండేవి

"జేఎస్‌టీ కనెక్టర్ ఇవ్వండి" అని అడిగితే ఏం వస్తుందో చెప్పలేం. జేఎస్‌టీ కంపెనీ పేరు, అందులో రకాలు బోలెడు. ఎస్‌హెచ్‌లో పిన్నుకీ పిన్నుకీ దూరం 1 మిల్లీమీటరు, పీహెచ్‌లో 2, ఎక్స్‌హెచ్‌లో 2.5. స్కేలు పెట్టి ఒక్క గ్యాప్ కొలిస్తే మోసపోతారు. మొదటి పిన్ను నుంచి చివరి పిన్ను దాకా కొలిచి, మధ్యలో ఉన్న గ్యాపుల సంఖ్యతో భాగించండి. 2.5కీ, చాలా బోర్డుల పిన్నుల మధ్య ఉండే 2.54కీ తేడా రెండు పిన్నుల మీద తెలియదు, తోస్తే వెళ్లిపోతుంది. పది పిన్నుల మీద అది 0.36 మిల్లీమీటర్లకు పేరుకుని, చివరి పిన్ను వంగి కూర్చుంటుంది.

డ్యూపాంట్ జంపర్ వైర్లు (కొనల్లో ఒక్కో పిన్నో సాకెట్టో ఉండే రెడీమేడ్ చిన్న వైర్లు) బల్ల మీద పరీక్షకు చాలా మంచివి. వాటికి లాక్ లేదు, వైరు సన్నం, పట్టు కొద్దిరోజులకే సడలుతుంది. కొన్ని చవక వైర్లు అయస్కాంతానికి అంటుకుంటాయి కూడా, అంటే లోపల ఉన్నది ఇనుము, పైన రాగి పూతే. పరీక్ష అయ్యాక అవే ఉంచి డబ్బా మూత బిగించకండి. కదిలే వస్తువులో అయితే అసలు వద్దు.

తారుమారు

నాకు బాగా గుర్తుండిపోయిన సంఘటన ఒకటుంది. ఒక చోట కొన్న చిన్న బోర్డు, ఇంకో చోట కొన్న లిథియం బ్యాటరీ. రెండింటికీ రెండు పిన్నుల పీహెచ్ కనెక్టరే. బ్యాటరీ ప్లగ్ హాయిగా దిగింది, క్లిక్‌మంది. రెండో సెకనులోనే చార్జింగ్ చిప్ మీద చిన్న బుడగ లేచి సన్నటి పొగ వచ్చింది. లాగేసి చూస్తే బోర్డు మీద ప్లస్ గుర్తు ఉన్న వైపుకి నల్ల వైరు వచ్చింది. ఆ కనెక్టర్‌లో ఏ పిన్ను ప్లస్ అనేదానికి అందరూ పాటించే నియమం లేదు. ప్లగ్ ఒక్క దిశలోనే దిగుతుంది కాబట్టి సరైనదే అనుకున్నాను. ఒక్క దిశలోనే దిగడం వేరు, ఆ దిశ సరైనది కావడం వేరు.

అప్పటి నుంచి కొత్త బ్యాటరీ ఏదైనా సరే మల్టీమీటర్ పెట్టి, బోర్డు మీద గుర్తుతో పోల్చి చూశాకే ప్లగ్ చేస్తాను. వైరు రంగుని నమ్మను. తారుమారుగా ఉంటే హౌసింగ్ పక్కనున్న ప్లాస్టిక్ నాలుకని సన్నటి సూదితో కొద్దిగా లేపి, టెర్మినల్‌ని (వైరు కొనకున్న లోహపు ముక్క) వెనక్కి లాగి మార్చుకోవచ్చు. రెండూ ఒకేసారి బయటికి తీయవద్దు. ఒకటి తీసి వెంటనే టేపు చుట్టి, ఆ తర్వాతే రెండోది తీయండి. బ్యాటరీ రెండు కొనలూ తగిలితే వచ్చే స్పార్క్ సామాన్యంగా ఉండదు.

ఒకే పెట్టెలో పక్కపక్కన ఒకేలాంటి రెండు కనెక్టర్లు పెడితే ఎప్పుడో ఒకప్పుడు ఒకదానిది ఇంకోదానికి పెట్టేస్తారు. అనుభవం ఉన్నవాళ్లూ దీనికి అతీతులు కారు. 2020 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లిన వేగా రాకెట్ ఎనిమిది నిమిషాలకే దారి తప్పింది. పైస్టేజీ నాజిల్‌ని కదిలించే యంత్రాంగానికి వెళ్లే కేబుళ్లు తారుమారయ్యాయని తేలింది. స్పెయిన్, ఫ్రాన్స్ ఉపగ్రహాలు రెండూ పోయాయి. అంత తనిఖీ ఉన్న చోటే అలా జరిగితే అర్ధరాత్రి నిద్రమత్తులో మనం ఎంత? మోటారుకి మూడు పిన్నులు, సెన్సర్‌కి నాలుగు, లైట్లకి రెండు అని సంఖ్యే మార్చేయండి. ఒకటి ఇంకోదాంట్లో దిగకూడదు. 5 వోల్టులకు, 12 వోల్టులకు ఒకే రకం ప్లగ్ ఎప్పుడూ వాడకండి.

గుండ్రటి అడాప్టర్ పిన్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి కొలత 2.1 ఉంటుంది, 2.5 కూడా ఉంటుంది. 2.5 ప్లగ్ 2.1 సాకెట్‌లోకి దిగుతుంది కానీ లూజ్‌గా ఆడుతూ బోర్డుని మాటిమాటికీ రీసెట్ చేయిస్తుంది. పైగా ఆ పిన్ చూసి అది 5 వోల్టులదో 24 వోల్టులదో చెప్పలేం. జాక్ పక్కనే వోల్టేజీ, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది మార్కర్‌తో రాసిపెట్టండి.

ఇంకొక్క నియమం ఉంది, దీన్ని గట్టిగా పట్టుకోండి. కరెంటు వచ్చే వైపు సాకెట్ ఉండాలి, తీసుకునే వైపు పిన్నులు ఉండాలి. బ్యాటరీ వైపు పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉంటే స్క్రూడ్రైవర్ తగిలినా షార్టే. ఇంటి కరెంటు లైనుకైతే ఈ చిన్న కనెక్టర్లేవీ పనికిరావు. ఆ వోల్టేజీకి తయారైన, ముట్టుకోవడానికి వీల్లేకుండా మూసి ఉండే కనెక్టర్లు మాత్రమే వాడాలి. ఆ పని చేయడం రాకపోతే రెడీమేడ్ అడాప్టర్ తీసుకుని తక్కువ వోల్టేజీ వైపే మీ పని చేసుకోండి.

క్రింపింగ్

కనెక్టర్ ఎంచుకున్నామంటే దాని క్రింపింగ్ టూల్‌ని (టెర్మినల్‌ని వైరుకి నొక్కి బిగించే పనిముట్టు) కూడా ఎంచుకున్నట్టే. ఆ టూల్ మీ దగ్గర లేకపోతే, కొనలేకపోతే, వేరే కనెక్టర్ చూసుకోండి లేదా క్రింప్ చేసిన వైర్లే కొనుక్కోండి. ప్లయర్‌తో నొక్కేస్తే చాలు అనుకోవద్దు.

ఒక టెర్మినల్‌ని భూతద్దం కింద పెట్టి చూడండి. వెనక రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి పోగులని పట్టుకోవాలి, వెనక జత ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి. మంచి క్రింప్‌లో ముందు జత రెక్కలు లోపలికి మడుచుకుని, రెండు వంపులుగా పోగుల్లోకి దిగుతాయి. పోగులు ఒకదానికొకటి నొక్కుకుపోయి మధ్యలో ఖాళీ కనపడదు. రెండు జతల మధ్య కాస్త రాగి, కాస్త ఇన్సులేషన్ అంచు రెండూ కనిపించాలి. ఇన్సులేషన్ ముందు జత కిందికి జొరబడితే రెక్కలు రాగికి బదులు ప్లాస్టిక్‌ని పట్టుకుంటాయి. మీటర్ పెడితే కంటిన్యుటీ వస్తుంది, బీప్ వినగానే నమ్మేస్తాం, నెల తర్వాత మొదలవుతుంది అసలు బాధ. వైరు ఒలిచేటప్పుడు నాలుగు పోగులు తెగిపోతే ఆ కొన కత్తిరించి మళ్లీ ఒలవండి.

క్రింప్ చేశాక చేత్తో గట్టిగా లాగండి. ఊడిపోతే ఇప్పుడే ఊడిపోవాలి. గట్టిదనం కోసమని క్రింప్ మీద సోల్డర్ పోయకండి. సోల్డర్ వైరులోకి పాకి ఒక చోట ఆగుతుంది, కదిలినప్పుడల్లా వైరు సరిగ్గా ఆ అంచు దగ్గరే వంగి తెగుతుంది.

స్క్రూ టెర్మినల్‌లో పెట్టే పోగుల వైరు కొనకి కూడా సోల్డర్ పూయవద్దు. ఒత్తిడి కింద సోల్డర్ మెల్లగా జరిగిపోయి, బిగించిన స్క్రూ కొన్ని వారాల్లో లూజ్ అవుతుంది. ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి క్రింప్ చేయండి. వాగో 221 లాంటి లీవర్ కనెక్టర్ అయితే వైరుని 11 మిల్లీమీటర్లు ఒలిచి నేరుగా పెట్టేయొచ్చు. క్రింపింగ్ టూల్ లేనివాళ్లకు నేను మొదట చెప్పేది అదే.

లోడ్ మీద ఉండగా డీసీ కనెక్టర్ లాగవద్దు. ఏసీ అయితే సెకనుకు వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ (విడిపోతున్న కాంటాక్టుల మధ్య సాగే మెరుపు) తొందరగా ఆరుతుంది. డీసీకి ఆ విరామం లేదు, ఆర్క్ సాగి కాంటాక్ట్ ఉపరితలాన్ని తినేస్తుంది. ముందు స్విచ్ ఆపాలి. పెద్ద కెపాసిటర్లున్న కంట్రోలర్‌కి పెద్ద బ్యాటరీ తగిలించేటప్పుడు స్పార్క్ వస్తుంటే, లోపలే రెసిస్టర్ ఉన్న ఎక్స్‌టీ90-ఎస్ లాంటి రకం వాడండి.

ఆరుబయట పెట్టే పని అయితే, ఐపీ67 (దుమ్ము, నీరు లోపలికి పోవని చెప్పే గుర్తు) అన్న మాట ప్లగ్, సాకెట్ బిగిసి ఉన్నప్పుడే వర్తిస్తుంది. వాడని రంధ్రాలకు రబ్బరు బిరడాలు పెట్టాలి. బంగారు పూత పిన్నుకి తగరం పూత సాకెట్ జత చేయకండి, తేమలో, కదలికలో ఆ జంట త్వరగా చెడుతుంది.

చివరగా, మూత బిగించకముందు ఒక పది నిమిషాలు ఫుల్ లోడ్ మీద నడపండి. నడుస్తుండగా ఎండు కర్రపుల్లతో ఒక్కో కనెక్టర్‌ని మెల్లగా కదపండి. లైటు మిణుకుమన్నా, బోర్డు రీసెట్ అయినా అక్కడే ఆపి ఆ క్రింప్ మళ్లీ చేయండి. తర్వాత పవర్ తీసేసి ఒక్కో కనెక్టర్ మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు పెట్టి ఉంచలేకపోతున్నారంటే, ముందు క్రింప్ చూడండి. అది బాగానే ఉంటే ఆ కనెక్టర్ తీసేసి ఒక సైజు పెద్దది వేయండి.