పీఎం2.5 పెట్టె తేడాగా చూపిస్తే ఎక్కడ వెతకాలి

పీఎం2.5 అంటే గాల్లో తేలే, 2.5 మైక్రాన్లు మించని సన్న కణాలు. వాటిని కొలవడానికి హైదరాబాద్‌లో బ్యాగుకో స్కూటీకో తగిలించుకుని తిప్పే గాలి పెట్టెల్లో మామూలుగా ఉండే సరంజామా ఇది: లేజర్ వెలుగుతో కణాలను పసిగట్టే పీఎంఎస్5003 సెన్సర్, వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 లేదా ఈఎస్‌పీ32 బోర్డు, ఒక పవర్ బ్యాంకు. అంకె కాస్త తేడాగా కనిపించగానే అందరూ సెన్సర్ మీద పడతారు. నన్నడిగితే దాన్ని ఆఖర్న అనుమానించాలి.

తెల్లవారుజామున అంకె రెట్టింపవుతోంది, ఎండెక్కగానే దిగిపోతోంది

కారణాలు రెండు. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. చలికాలం రాత్రుళ్ళు నేల దగ్గరి గాలి చల్లబడుతుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోదు. అది నిజమైన కాలుష్యమే, పెట్టె తప్పేం లేదు. భోగి రోజు పొద్దున్నే అంకె ఆకాశాన్నంటితే సెన్సర్‌ని తిట్టకండి.

రెండోది తేమ. గాల్లో తేమ 80 శాతం దాటితే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, లేజర్ వెలుగును మరింతగా చెదరగొడతాయి. సెన్సర్ దాన్నంతా ధూళి కిందే లెక్కేస్తుంది. ప్రభుత్వ కాలుష్య స్టేషన్లలో బీటా కిరణాలతో కొలిచే యంత్రాలు లోపలికొచ్చే గాలిని వేడిచేసి, ఆరబెట్టి కొలుస్తాయి. మన పెట్టెకు ఆ ఏర్పాటు లేదు.

ఏది కారణమో తేల్చాలంటే సనత్‌నగరో, జూపార్కో, మీకు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ స్టేషన్ గంటల గ్రాఫు తెరిచి మీ గ్రాఫు పక్కన పెట్టండి. రెండూ కలిసి లేస్తే గాలిదే దోషం. మీది ఒక్కటే లేస్తే తేమ మీద అనుమానపడొచ్చు. సవరణకు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరిశోధకులు పర్పుల్‌ఎయిర్ కంపెనీ పెట్టెల కోసం 2021లో ప్రచురించిన లెక్క ఉంది. వాటిలోనూ మన పీఎంఎస్5003 చేసే ప్లాంటవర్ కంపెనీ సెన్సర్లే.

0.524 × రీడింగ్ − 0.0862 × తేమ శాతం + 5.75

రీడింగ్ 100, తేమ 85 అయితే వచ్చేది దాదాపు 51. సెన్సర్ ఇచ్చే రెండు వరుసల అంకెల్లో ‘సీఎఫ్ 1’ వరుసే ఇందులో వేయాలి. ఇది అక్కడి గాలికి కట్టిన లెక్క. మన చెత్త పొగకీ, డీజిల్ పొగకీ అచ్చంగా అతకదు. కుదిరితే కొన్ని వారాలు పెట్టెను స్టేషన్ పక్కనే ఉంచి సొంత గుణకాలు తేల్చుకోండి. తేమ సెన్సర్‌ని బోర్డుకు ఆనించి పెడితే ఆ వేడికి తేమ తక్కువ చూపిస్తుంది, ఈ లెక్కంతా వృథా.

బండి కదిలితే ఒక అంకె, ఆగితే ఇంకో అంకె

గాలి దారి సరిగా లేదు. సెన్సర్ గాలి పీల్చేదీ వదిలేదీ ఒకే వైపు ఉంటాయి. పెట్టెలో వాటికి వేర్వేరు కంతలు లేకపోతే వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. మధ్యలో చిన్న ఫోమ్ ముక్క అడ్డం పెట్టి, రెండు కంతలూ సెన్సర్ మూతులకు ఆనేలా చూడండి. కంత బండి వెళ్ళే దిక్కుకు ఎదురుగా ఉండకూడదు, కిందికి తిప్పండి. పురుగులు దూరకుండా జాలీ పెట్టొచ్చు గానీ, మరీ సన్నటిదైతే అదే ధూళి పట్టి మూసుకుపోతుంది.

కాసేపటికే ఆగిపోతోంది, లేదా తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది

బోర్డు నిద్రలోకి వెళ్ళినప్పుడు కరెంటు వాడకం పడిపోతుంది. ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు ఆపేసుకుంటుంది. తక్కువ కరెంటుకీ ఆగని రకం కొనాలి, లేదా నిద్ర మానేయాలి. రీస్టార్ట్ అవుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. సన్న కేబుల్లో వైఫై పంపే క్షణాన వోల్టేజీ పడిపోతుంది. సెన్సర్ ఫ్యానుకు 5 వోల్టులు కావాలి. 3.3కి కలిపితే ఫ్యాను నీరసంగా తిరిగి అంకెలు నమ్మకం లేకుండా వస్తాయి.

నెట్‌కు తగలడం లేదు

ఈఎస్‌పీ8266కి 5 గిగాహెర్ట్జ్ వైఫై కనబడదు. ఫోన్ హాట్‌స్పాట్‌ని 2.4కి మార్చండి. వైఫై బదులు మొబైల్ సిమ్‌తో నెట్‌కు కలిపే సిమ్800ఎల్ మాడ్యూల్ వాడేవాళ్ళు జియో సిమ్ వేసి తల పట్టుకుంటారు. అది 2జీ మాడ్యూల్, జియోకి 2జీ లేదు.

ట్రాఫిక్ ఎక్కువగా ఉండే వేళకు గ్రాఫులో ఏమీ లేదు

అమీర్‌పేటలో పొద్దున 8:30కి తీసిన రీడింగు గ్రాఫులో 3 గంటల దగ్గర కూర్చుందంటే, సర్వర్ సమయాన్ని యూటీసీలో, అంటే మనకన్నా 5:30 గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో, రాసుకుంటోంది. 5:30 గంటలు కలపండి, అదీ చూపించే చోట మాత్రమే. నిల్వలో యూటీసీనే ఉండనివ్వండి.

కళ్ళల్లో దుమ్ము పడుతోంది, పీఎం10 మాత్రం కదలదు

దీనికి మరమ్మతు లేదు. పీఎం10 అంటే 10 మైక్రాన్ల దాకా ఉండే కణాలు; ఈ రకం సెన్సర్ వాటిలోని ముతక కణాలను సరిగా పట్టుకోదు. రోడ్డు దుమ్ము, సిమెంటు ధూళి కొలవాలనుకుంటే ఇది పనికిరాదు. పీఎం10 గడిని డ్యాష్‌బోర్డులోంచి తీసేయడమే నిజాయితీ.

నా పెట్టెకీ యాప్‌కీ ఏక్యూఐ కలవడం లేదు

ఏక్యూఐ అంటే గాలి నాణ్యత సూచీ. అది ఏ దేశపు కొలబద్దో చూడండి. గాల్లో క్యూబిక్ మీటరుకు 55 మైక్రోగ్రాముల పీఎం2.5 ఉంటే మన కొలబద్దలో ఏక్యూఐ 92, ‘సంతృప్తికరం’. అదే 55 అమెరికా కొలబద్దలో 149. పైగా మన సూచీకి 24 గంటల సగటు వేయాలి. పానీపూరీ బండి దగ్గర రెండు నిమిషాలు ఆగినప్పుడు వచ్చిన అంకెకు ఏక్యూఐ పేరు పెట్టి గ్రూపులో పంపకండి. మైక్రోగ్రాముల్లోనే చెప్పండి, పక్కన సమయం, చోటు రాయండి.